ఆటకు ముందు డిక్కీ విందు

ఆకలిగా ఉన్నప్పుడు మీటింగులో నోరు తెరవకూడదు. ఈ ముక్క చిన్నప్పుడే ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది. మా నాన్న చాలా బుద్ధులు చెప్పాడు గానీ, ఆయన జన్మలో మీటింగుకి వెళ్ళినవాడు కాదు, భోజనం వేళ దాటనిచ్చినవాడూ కాదు. అందుచేత ఈ సంగతి ఆయన దృష్టికి రాలేదు. అందుచేతనే మా జిల్లాకి డిక్కీ విందు వచ్చింది. తెచ్చినవాణ్ణి నేనే.

నా పేరు కూర్మారావు. జిల్లా క్రీడోత్సాహ మండలిలో సూపరింటెండెంటుని. క్రీడల్ని ప్రోత్సహించడం నా ఉద్యోగం. ఆ పని కుర్చీలో కూర్చునే చేస్తాను. మా ఆఫీసు మేడ మీద ఉంది కాబట్టి, పొద్దున్న మెట్లెక్కి వచ్చాక ఆయాసం తీరేదాకా ఎవరినీ ప్రోత్సహించలేను.

ఆ వేళ సమీక్షా సమావేశం భోజనాల వేళ దాటిపోయినా తెమలలేదు. మా డైరెక్టరు పరాంకుశం గారు మామూలు మాటలు ఇంట్లో వాడతారేమో గానీ ఆఫీసుకి మాత్రం వెంట తీసుకురారు.

"గత సంవత్సరము బాలికల బాల్ బ్యాడ్మింటన్ ఫైనలునకు విచ్చేసిన ప్రేక్షకుల సంఖ్య ఎంత?" అని అడిగారు.

"నలుగురండి" అన్నాను. అందులో ఒకాయన ఆసుపత్రికి దారి అడగడానికి వచ్చాడు. ఇంకొకడు వేరుశనక్కాయల బండివాడు. బేరం లేదని సగంలోనే వెళ్ళిపోయాడు.

బాల్ బ్యాడ్మింటన్ అంటే పసుప్పచ్చ ఉన్ని బంతితో, జట్టుకి ఐదుగురు చొప్పున ఆరుబయట ఆడే ఆట. ఒకప్పుడు మా వైపు ప్రతి హైస్కూల్లోనూ ఉండేది. ఇప్పుడు మా ఊళ్ళో గర్ల్స్ హైస్కూలు గ్రౌండులోనే మిగిలింది, అదీ వరహాలమ్మ టీచరు రిటైరు కాలేదు కాబట్టి.

"ప్రేక్షకశూన్యత ఒక వ్యవస్థాగత రుగ్మత" అన్నారు పరాంకుశం గారు. "దీనికి ఎవరి వద్దనైనను వినూత్న పరిష్కారము కలదా?"

నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఎవరైనా తిండి మాట ఎత్తితే ఈయనకి భోజనం గుర్తొస్తుందని ఆశ. అంతకుమించి నాకే ఉద్దేశమూ లేదని ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను.

"సార్, విదేశాల్లో ఆటకి ముందు స్టేడియం బయట కార్లు ఆపుకుని, డిక్కీలు తెరిచి, అక్కడే వండుకు తింటారండి. టీవీలో చూశాను. ఆ తిండి కోసమే జనం పొద్దున్నుంచీ వస్తారట" అన్నాను.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి నావైపు చూశారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన నన్ను చూడడం అదే మొదలు. అంతకుముందు నా చేతిలో ఫైలుని చూసేవారు.

"ప్రేక్షకుడు లేనిదే క్రీడ లేదు. ఉత్సాహము లేనిదే ప్రేక్షకుడు లేడు. ఆహారము లేనిదే ఉత్సాహము లేదు. కావున క్రీడ యొక్క మూలము ఆహారము" అన్నారు. ఇందులో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పుందని మాత్రం అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రానికి డిక్కీ విందు పథకం పుట్టింది. నేను దానికి నోడల్ అధికారినయ్యాను. అంటే బాగా జరిగితే డైరెక్టరు గారి పథకం, జరక్కపోతే నాది.

*

పథకానికి మార్గదర్శకాలు కావాలి. "విందును ఆనందించుటకు పది చిట్కాలు" రాయమన్నారు. ఆనందం విషయంలో నాకున్న అనుభవమల్లా ఆదివారం మధ్యాహ్నం నిద్ర. అది చిట్కాలకి పనికిరాదు. ఫోను తీసి విదేశాలవాళ్ళు ఏం రాశారో చూశాను. పెందరాళే రండి, నీడ చూసుకోండి, పక్కవాళ్ళకి పెట్టండి, సరదాగా ఉండండి అని రాసుకున్నారు. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. తరువాత దాన్ని ఆఫీసు భాషలోకి మార్చాను.

"పెందరాళే రండి" అన్నది "ఆట ప్రారంభమునకు నాలుగు గంటల ముందు హాజరు వేయించుకొనవలెను" అయింది. "సరదాగా ఉండండి" అన్నది నాలుగో చిట్కా: "విందులో పాల్గొనువారందరును ఆనందముగా కనిపించవలెను. కనిపించనివారి నుండి సంజాయిషీ కోరబడును." ఇలా ఏడింటి దాకా లాక్కొచ్చాను. పది కావాలని పరాంకుశం గారు పట్టుబట్టారు. ఏం తోచక ఎనిమిదోది ఇలా రాశాను: "ఆట ముగియువరకు ఏ వాహనము యొక్క డిక్కీయు మూయరాదు. డిక్కీ తెరచియున్న వాహనమును కదల్చరాదు." తొమ్మిది, పది ఏం రాశానో నాకే గుర్తులేదు. ఎవరూ చదవలేదు కాబట్టి బెంగ లేదు.

సర్క్యులర్ అన్ని శాఖలకీ వెళ్ళింది. సందేహాలు వెల్లువెత్తాయి. కార్లు లేనివాళ్ళ మాటేమిటి? స్కూటరు సీటు కింద ఉన్నది డిక్కీయే అని వివరణ ఇచ్చాం. సీటు ఎత్తి ఉంచాలంటే దానిమీద కూర్చునేది ఎలా అని ఖజానా శాఖవాళ్ళు అడిగారు. నిలబడాలని బదులిచ్చాం. సైకిలు క్యారియరు డిక్కీ అవునా కాదా అన్నది ఇప్పటికీ పై ఆఫీసు పరిశీలనలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, నిలబడి తినడం. "నిలబడి తినడానికి మేమేమైనా బిచ్చగాళ్ళమా?" అని పెద్ద ఉద్యోగులకు కోపం వచ్చింది. మన దగ్గర విందంటే బంతి వెయ్యాలి, విస్తరెయ్యాలి, కొసరి కొసరి వడ్డించాలి. పరాంకుశం గారు ఆలోచించి మధ్యేమార్గం చెప్పారు. "డిక్కీ తెరచియుండును. భోజనము మాత్రము బంతిలో జరుగును. విదేశీ స్ఫూర్తి, స్వదేశీ వడ్డన." ఇంత బాగా చెప్పాక ఎవరు కాదంటారు? డిక్కీల్లో కూడా ఏదో ఒకటి ఉండాలన్నారు, రూలు కాబట్టి.

*

వరహాలమ్మ టీచరు మా ఆఫీసుకి వచ్చింది ఆ వారమే. ఆవిడ డ్రిల్లు టీచరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతూ ఉంటుంది. మెట్లు గబగబా ఎక్కి వచ్చినా ఆయాసం లేదు. అది చూసి నాకే ఆయాసం వచ్చింది.

"ఏటండీ కూర్మారావు గారూ, మా ఫైనలు నాడు భోజనాలు పెడతన్నారట?" అంది.

"అవునమ్మా. ప్రేక్షకుల కోసం."

"పెట్టండి. నానేం కాదన్ను. గానీ ఆట నాలుక్కల్లా మొదలవాల. మాకు లైట్లు లేవు. శీతాకాలం పొద్దు అయిదున్నరకే గూట్లో పడిపోద్ది. రాష్ట్ర జట్టు సెలెక్టరు గారు ఆరింటి రైలుకి ఎల్లిపోతారు. ఆయన కళ్ళముందు మా పైడితల్లి ఆడాలండి."

పైడితల్లి పేరు నేను ఫైళ్ళలో చూశాను. కెప్టెను. ఇంటరు రెండో సంవత్సరం, ఆటకి మాత్రం ఇంకా ఈ టీచరు దగ్గరకే వస్తుంది. వాళ్ళమ్మ జనపనార మిల్లులో పనిచేస్తుంది. రాష్ట్ర జూనియర్ జట్టుకి ఎంపికైతే క్రీడల కోటాలో డిగ్రీ కాలేజీ సీటు, హాస్టలు దొరుకుతాయి.

"వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు కదమ్మా?" అన్నాను, ఆఫీసు అలవాటు కొద్దీ.

"ఈ యేడు దాటితే జూనియరు ఈడు దాటిపోద్ది బాబూ. కాలేజీ లేకపోతే మిల్లులోకే. వాళ్ళమ్మ పక్క మిషనే కాళీ ఉంది."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. నాలుగింటికి ఆట మొదలెట్టించే పూచీ నాది అన్నాను. అప్పుడు నాకు ఆకలిగా కూడా లేదు.

*

ఫైనలు రోజు వచ్చింది. గర్ల్స్ హైస్కూలు గ్రౌండంతా పల్లేరుకాయలే. ఆడపిల్లలు తెల్లారకుండా వచ్చి కోర్టు మేర ఊడ్చి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసుకున్నారు. చదునుగా, శుభ్రంగా ఉన్న జాగా ఊరు మొత్తం మీద అదొక్కటే అన్నట్టుంది.

పన్నెండింటికి బండ్లు వచ్చాయి. గేటు నుంచి గోడ దాకా ఒకదాని వెనకొకటి, సందు లేకుండా. కార్ల డిక్కీలు పైకి లేచాయి, స్కూటర్ల సీట్లు నిటారుగా నిలబడ్డాయి. పురపాలక సంఘం వాళ్ళకి కారు దొరక్క చెత్త ట్రాక్టరు కడిగి తెచ్చారు. వెనక తలుపు పూర్తిగా తెరుచుకునే బండి అదొక్కటే కావడంతో న్యాయనిర్ణేతలు దానికే ఉత్తమ డిక్కీ బహుమతి ఇచ్చారు. డ్రైవరు దండ వేయించుకుని కిందకి దిగనన్నాడు.

నా స్కూటరు గేటు పక్కనే ఉంది. డిక్కీలో మా ఆవిడ మరమరాలు, వేయించిన వేరుశనగ గుళ్ళు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు, ఓ డబ్బాడు బెల్లం గవ్వలు పెట్టి పంపింది. "రూలు రాసినవాడివి, నువ్వే వట్టి డిక్కీతో వెళ్తే ఏం బాగుంటుంది" అంది. ఆ డిక్కీ మొహం ఎవరూ చూడలేదు. చూడడానికి వంటశాల నుంచి వచ్చే వాసన ఒప్పుకోలేదు.

బంతి ఎక్కడ వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. వంటవాళ్ళు గ్రౌండంతా కలయదిరిగి, పల్లేరుకాయలు తొక్కి, చివరికి కోర్టు చూశారు. చదును. తడి ఆరింది. పైగా గీతలు గీసి సిద్ధంగా ఉంది. ఆ గీతల వెంబడే బల్లలు వరసగా వేసేశారు. ఎంత చక్కగా అమిరాయో! పరాంకుశం గారు చూసి, "ముందుచూపు గల ఏర్పాటు" అని నన్ను మెచ్చుకున్నారు. నెట్టుకి పథకం బ్యానరు కట్టారు.

వడ్డించడానికి మనుషులు చాలలేదు. పరాంకుశం గారు చుట్టూ చూశారు. జెర్సీల మీద నంబర్లు వేసుకుని, చేతులు కట్టుకుని, తమ కోర్టుకేసి చూస్తున్న పదిమంది ఆడపిల్లలు కనిపించారు. మన జట్టు అయిదుగురూ, పక్క ఊరి జట్టు అయిదుగురూ.

"క్రీడాకారిణులే స్వయముగా వడ్డించినచో ప్రేక్షకునకును క్రీడకును మధ్య భావోద్వేగ బంధము ఏర్పడును" అన్నారు.

"ఆట ఆడాల్సిన పిల్లలండీ! సేతులు కాలితే రాకెట్టు ఎలా పట్టుకుంటారు?" అంది వరహాలమ్మ టీచరు.

"అమ్మా, సేవాభావము క్రీడాస్ఫూర్తిలో అంతర్భాగము" అన్నారాయన.

టీచరు నాకేసి చూసింది. నేను నోడల్ అధికారిని. అంచేత నేల చూశాను. అప్పుడు పైడితల్లే ముందుకొచ్చింది. పొడుగ్గా, సన్నగా, జడ పైకి మడిచి కట్టుకుని ఉంది. "పోనీండి టీచర్. బేగి వడ్డించెయ్యడమే. వీళ్ళు లేస్తేనే గానీ మన కోర్టు మనకి రాదు" అని పులిహోర బకెట్టు అందుకుంది.

*

సెలెక్టరు రంగనాయకులు గారు పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఆయన్ని బంతికి తల దగ్గర కూర్చోబెట్టారు. పక్కన పరాంకుశం గారు. పనసపొట్టు కూర, గుత్తొంకాయ, పెరుగావడలు, చిల్లుపెట్టి నెయ్యి పోసిన బూరెలు. సెలెక్టరు గారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. మన వైపు ఆ అడ్డం పెట్టడానికి అర్థం ఇంకో రెండు వెయ్యమని. వేశారు. ఆయన వద్దని తల ఊపారు. నెయ్యి పోశారు.

మూడున్నరకి మజ్జిగ కూడా అయిపోయింది. ఇక లేవడమే. అక్కడ వచ్చింది చిక్కు.

బంతిలో అందరికన్నా పెద్దాయన లేస్తే గానీ మిగతావాళ్ళు లేవకూడదు. ఇది ఏ సర్క్యులర్ లోనూ లేదు, అందుకే అందరూ పాటిస్తారు. పెద్దాయన పరాంకుశం గారు, పదవిలో. ఆయన లేవలేదు. అతిథి లేవకుండా తాను లేస్తే అతిథిని లేవగొట్టినట్టవుతుంది. సెలెక్టరు గారు లేవలేదు. అధికారి లేవకుండా తాను లేస్తే భోజనం నచ్చనట్టవుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. బంతి మొత్తం ఆ నవ్వు కోసం కాచుకుని కూర్చుంది.

"తొందర లేదు, నిదానముగా కానివ్వండి" అన్నారు పరాంకుశం గారు.

"నాకేం తొందరండీ, మీరు కానివ్వండి" అన్నారు సెలెక్టరు గారు.

ఖాళీ విస్తరి ముందు మనిషి కూర్చుంటే చూస్తూ ఊరుకునే వంటవాడు మన జిల్లాలో లేడు. మళ్ళీ బూరెలు వచ్చాయి. మర్యాదకి ఇద్దరూ ఒక్కొక్కటి కొరికారు. మళ్ళీ మజ్జిగ వచ్చింది. నాలుగయింది. చేతుల మీద అన్నం ఎండిపోయింది. సెలెక్టరు గారి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎండ కోర్టు మీంచి జారి గోడ దగ్గరకి పోతోంది. ఆ ఎండతో పాటే కాలేజీ సీటూ పోతోందని అక్కడ తెలిసినవాళ్ళం ముగ్గురమే: టీచరు, ఆ పిల్ల, నేను.

నేను పరాంకుశం గారి చెవి దగ్గరకి వంగి, "సార్, ఆట వేళయిందండి" అన్నాను.

"అతిథి భోజనమునకు భంగము కలిగింతువా?" అని ఆయన గుసగుసగా కసిరారు. సెలెక్టరు గారి వైపు వెళ్ళి, "అయ్యా, తమరు లేస్తే..." అన్నాను. "అబ్బే, డైరెక్టరు గారి భోజనం కానివ్వండి" అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

పైడితల్లి మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల ఏమీ తినలేదు. మొహం మీద చెమట, మోచేతి దాకా పులిహోర పసుపు. నాకు సిగ్గేసింది. ఈ బల్లలన్నీ, ఈ బూరెలన్నీ ఆ మీటింగు నాటి నా ఆకలిలోంచి వచ్చినవే కదా అనిపించింది. సిగ్గయితే వేసింది గానీ ఏం చెయ్యాలో తోచలేదు.

వరహాలమ్మ టీచరుకి తోచింది. బల్లల మధ్యకి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని, ఈల నోట్లో పెట్టుకుని ఊదింది.

అది మామూలు ఊదడం కాదు. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ ఈ ఊరి ఆడపిల్లల్ని ఆ ఈలతోనే నిలబెట్టింది. మగవాళ్ళని వేరే స్కూళ్ళలో వేరే డ్రిల్లు మాస్టర్లు నిలబెట్టారు. ఈల మాత్రం ఒక్కటే. బంతి బంతంతా ఒక్కసారిగా లేచి నిటారుగా నిలబడింది. ఖజానా అధికారి చేతులు తొడలకి ఆనించాడు. సెలెక్టరు గారు కళ్ళు తెరవకముందే లేచారు. పరాంకుశం గారు అందరికన్నా ముందు లేచారు. ఆయన మడమలు కలిపి ఉన్నాయి.

లేచాక ఎందుకు లేచామో ఎవరికీ తెలియలేదు. తెలిసేలోపల ఆడపిల్లలు విస్తళ్ళు ఎత్తి, బల్లలు జరిపి, బ్యానరు విప్పేశారు.

*

కోర్టు వచ్చింది. ఇప్పుడు ప్రేక్షకులు పోవడం మొదలుపెట్టారు. తాంబూలం అందగానే మనిషి కాలు ఇంటివైపే తిరుగుతుంది. సెలెక్టరు గారు కూడా ఆవులిస్తూ, మా మండలి ఆయనకి ఏర్పాటు చేసిన కారు వైపు నడిచారు.

"కాస్త నడుం వాల్చి రైలెక్కుతానండీ. ఆట సంగతి మీరు నివేదిక పంపండి, దాన్నిబట్టి చూద్దాం" అన్నారు.

నివేదిక రాసేది నేనే. నా నివేదికల్ని బట్టి ఈ జిల్లాలో ఎవరి బతుకూ బాగుపడిన దాఖలా లేదు. ఆయన డ్రైవరు డిక్కీ మూయడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడు జీవితంలో మొదటిసారి నేను రాసినది నాకు గుర్తొచ్చింది.

"ఆగు!" అన్నాను. పరిగెత్తాను కూడా. చూసినవాళ్ళు దాన్ని నడక అన్నారు, అది వేరే సంగతి. గేటు దగ్గరకి వెళ్ళి, నా స్కూటరుని సీటు ఎత్తే ఉంచి గేటుకి అడ్డంగా నిలబెట్టాను. జేబులోంచి సర్క్యులర్ తీశాను.

"ఎనిమిదో చిట్కా! ఆట ముగియువరకు ఏ వాహనము యొక్క డిక్కీయు మూయరాదు! డిక్కీ తెరచియున్న వాహనమును కదల్చరాదు!"

"ఏం మాటలండీ ఇవి? చిట్కా పాటించకపోతే ఏమవుతుంది?" అన్నాడు ఖజానా అధికారి.

"చిట్కా కాదండి. డైరెక్టరు గారి సంతకముంది" అన్నాను.

అందరూ పరాంకుశం గారి వైపు తిరిగారు. ఆయనకి ఆ చిట్కా ఉన్నట్టే తెలియదు. కానీ తన సంతకం తనదే. నా చేతిలోంచి కాగితం తీసుకుని పైనుంచి కిందకి చదివారు. తరువాత గొంతు సవరించుకున్నారు.

"నిబంధన నిబంధనయే" అన్నారు. సంతకం చేసినవాటిని ఆయన ఎన్నడూ ఖండించలేదు. ఆ ఒక్క గుణానికి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

చచ్చినట్టు అందరూ వెనక్కి వచ్చారు. బల్లల మీద, కార్ల డిక్కీల్లో, ట్రాక్టరు తొట్టిలో కూర్చున్నారు. సెలెక్టరు గారు తన కారు డిక్కీ అంచు మీద చతికిలబడ్డారు, గడ్డం గుండెల మీద ఆన్చి.

ఆట మొదలైంది. మొదటి గేము మనవాళ్ళు ఓడిపోయారు. బరువైన బకెట్లన్నీ మోసినవి మనవాళ్ళ చేతులే, ఎక్కడాడతాయి? రెండో గేములో గాలి తిరిగింది. ఉన్ని బంతి తేలిక, గాలికి పక్కకి పోతుంది. పైడితల్లి గాలికేసి ఓసారి మొహం పెట్టి చూసి, బంతిని కోర్టు బయటికి కొట్టింది. బయటికే వెళ్ళింది, తరువాత గాలి దాన్ని తిప్పి తెచ్చి గీత మీద పెట్టింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ గీత మీదే. ట్రాక్టరు తొట్టిలోంచి ఎవడో "ఓరి నాయనో" అన్నాడు. ఖజానా అధికారి లేచి నిలబడ్డాడు, ఈసారి ఈల లేకుండానే.

సెలెక్టరు గారి గడ్డం పైకి లేచింది. మూడో గేము సగంలో ఆయన డిక్కీ దిగి గీత దగ్గరకి వచ్చారు. డ్రైవరు రైలు సంగతి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఈసారి దాని అర్థం నిజంగానే వద్దని. చీకటి పడుతుండగా ఆఖరి పాయింటు వచ్చింది. బంతి ఎవరికీ సరిగా కనిపించలేదు. ఆ పిల్లకి కనిపించింది. జనం అరిచిన అరుపుకి నా చెవులు గింగురుమన్నాయి. తరువాత తెలిసింది, అందరికన్నా గట్టిగా అరిచింది నేనేనని.

"పేరేంటమ్మా?" అని అడిగారు సెలెక్టరు గారు. ఆ పిల్ల చెప్పింది. "ఇందాక నాకు బూరెలు వడ్డించింది నువ్వే కదూ?" అన్నారు. అవునంది. "క్షమించమ్మా" అన్నారాయన. ఆరింటి రైలు అప్పటికే వెళ్ళిపోయింది.

డిక్కీలు మూసుకున్నాయి. బండ్లన్నీ వెళ్ళాయి. అప్పుడు చూస్తే గుండిగల్లో మెతుకు లేదు. పదిమంది ఆటగత్తెలూ, టీచరూ, నేనూ పస్తు. నోడల్ అధికారి ఆఖరి బంతిలో తినాలి, ఆఖరి బంతి ఈలతో రద్దయింది. నా స్కూటరు సీటు ఇంకా ఎత్తే ఉంది. పైడితల్లి అందులోకి తొంగి చూసింది.

"సార్, మరమరాలు!" అంది.

ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి, వేరుశనగ గుళ్ళు వేసి ముంత మసాలా కలిపింది టీచరు. స్కూటరు చుట్టూ నిలబడి, పాత పేపరు పొట్లాల్లో తిన్నాం. రెండు జట్ల పిల్లలూ కలిసి ఓడిన గేము గురించీ, గెలిచిన గేము గురించీ దెబ్బలాడుకున్నారు. బెల్లం గవ్వలు పంచుకోవడంలో ఇంకో మ్యాచి జరిగింది. నిలబడి తినడంలో ఇంత సుఖం ఉందని నాకు తెలియదు. విదేశాలవాళ్ళు రాసింది దీని గురించే కాబోలు అనుకున్నాను.

*

పైడితల్లి రాష్ట్ర జట్టుకి ఎంపికైంది. కాలేజీలో చేరింది. ఆ మిల్లు మిషను దగ్గర వేరెవరో ఉన్నారు.

మా ఆఫీసులో మళ్ళీ సమీక్ష జరిగింది. ఈసారి నేను ఇంటి దగ్గరే భోంచేసి వెళ్ళాను.

"పథకము అఖండ విజయము సాధించినది" అన్నారు పరాంకుశం గారు. "ప్రేక్షకులు మూడు వందల పైచిలుకు. అయితే ఒక లోపము గమనింపబడినది. విందు మధ్యలో ఆట జరుగుట వలన భోజనములకు తీవ్ర అంతరాయము కలిగినది. తాంబూలము తీసుకొనినవారు గృహములకు చేరలేకపోయిరి. ఫిర్యాదులు అందినవి. కావున వచ్చే సంవత్సరము ఆటను తొలగింతమా?"

అందరూ తలలూపారు. నా కడుపు నిండి ఉంది కాబట్టి బుర్ర పనిచేసింది.

"తొలగిస్తే బడ్జెట్టు పద్దు పోతుందండి, అది క్రీడల పద్దు" అన్నాను. "విందుకి అడ్డం రాకుండా ఆటని పొద్దున్న ఆరున్నరకి పెట్టేస్తే సరి. విందు మామూలుగా పన్నెండింటికి."

"వినూత్నము" అన్నారాయన.

వరహాలమ్మ టీచరు ఈ కబురు విని నవ్వుతూ కూర్చుండిపోయింది. పొద్దున్న ఆరున్నరకి గాలి ఉండదు, ఎండ ఉండదు, అధికారులు ఉండరు. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ అడుగుతున్నది అదే.

మొన్న రెండో ఏడాది ఫైనలు పొద్దున్నే జరిగింది. పైడితల్లి కాలేజీ నుంచి చూడడానికి వచ్చింది. ఖజానా అధికారి వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే, పిల్లల్ని కూడా తీసుకుని. నేను స్కూటరు డిక్కీ నిండా ఇడ్లీలు పట్టుకెళ్ళాను. ఆట అయ్యేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మధ్యాహ్నం విందుకి కూడా హాజరయ్యాను, ఉద్యోగం కదా. ఆకలి లేదు, నిద్రొస్తోంది. బూరె ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. నేను రాసిన నాలుగో చిట్కా కిందే. విందులో నోడల్ అధికారి ఆనందముగా కనిపించలేదని, కారణము తెలుపవలసినదని. ఆ రోజే సంజాయిషీ రాసి పంపాను:

"అయ్యా, ఆ దినమునకు నాకు మంజూరైన ఆనందము ఉదయము ఆరున్నర గంటలకే పూర్తిగా ఖర్చయిపోయినందున విందునకు ఏమియు మిగలలేదని వినయపూర్వకముగా మనవి చేసుకొనుచున్నాను."